జాగ్రఫీ పీహెచ్‌డీ: కోర్స్‌వర్క్‌లో ఏం తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. జాగ్రఫీ పీహెచ్‌డీలో ఇప్పుడే చేరినవాళ్ల కోసం ఈ వీడియో. కోర్స్‌వర్క్‌లో ఏం తీసుకోవాలి, ఎందుకు తీసుకోవాలి అన్నది ఒక షీట్‌లో వేసుకుందాం. స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, ఇదే.

నాలుగు కాలమ్‌లు. ప్రశ్న, ఆధారం, పద్ధతి, కోర్సు. ఇటు నుంచి ఇటు, ఎడమ నుంచి కుడికి నింపాలి. కోర్సుల పట్టిక ముందేసుకుని మొదలుపెడితే తేలికైనవో, ఫ్రెండ్స్ తీసుకున్నవో ఎంచుకుంటాం.

తప్పనిసరి కోర్సులు ముందు కింద పెట్టేస్తున్నాను. పరిశోధనా పద్ధతులు, పరిశోధనా నైతికత, భౌగోళిక చింతన. మీ డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్ చూసి టైప్ చేసేయండి, అంతే. ఒక్క మాట, భౌగోళిక చింతనని పాత చరిత్రే కదా అని వదిలేయకండి. 1939లో హార్ట్‌షోర్న్ అనే భూగోళ శాస్త్రవేత్త ప్రాంతాల ప్రత్యేకతని పట్టుకోవాలన్నారు, 1953లో షేఫర్ అనే ఇంకో శాస్త్రవేత్త అలా కాదు, ఎక్కడైనా వర్తించే సూత్రాలు వెతకాలన్నారు. మీ థీసిస్ ఒక్క ఊరి గురించా, అలాంటి ఊళ్లన్నిటి గురించా? వైవాలో ఇది అడుగుతారు.

సరే, ఇప్పుడు మొదటి కాలమ్. ఇక్కడ కాస్త ఆగుదాం, అసలు చిక్కంతా ఇక్కడే.

ఉదాహరణకి ‘నగరంలో ఎండ తీవ్రత’ అని రాశాననుకోండి. ఇది టాపిక్, ప్రశ్న ఇంకా కాలేదు. ఇలాగే ముందుకెళ్తే పక్కన ‘ల్యాండ్‌శాట్ థర్మల్ చిత్రాలు’ (ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు వేడిని కొలిచి తీసే చిత్రాలు), ఆ పక్కన ‘రిమోట్ సెన్సింగ్’ (అలాంటి చిత్రాలతో నేలని చదివే పద్ధతి), చకచకా నిండిపోతాయి. చూడటానికి బాగుంటుంది. ఇప్పుడు దాన్నే ప్రశ్నగా మారుస్తున్నాను, చూడండి: ‘రాత్రిపూట ఏ ఇళ్లు చల్లబడవు, ఆ ఇళ్లలో ఉండేది ఎవరు?’

మళ్లీ రెండో కాలమ్‌కి రండి. ల్యాండ్‌శాట్ 8 ఒకే చోటి మీదికి 16 రోజులకోసారి వస్తుంది, మామూలుగా దొరికే చిత్రాలు పగటివి, దాదాపు ఉదయం పది గంటలవి. దాని థర్మల్ సెన్సర్ చూసేది 100 మీటర్ల స్థాయిలో, ఫైల్‌లో 30 మీటర్లకి మార్చి ఇస్తారు. పైగా అది ఇచ్చేది నేల, పైకప్పుల వేడి. ఇంట్లో గాలి వేడి కాదు. అంటే మన ప్రశ్నకి ఈ చిత్రం ఒక్కటే చాలదు. ఇళ్లలో సెన్సర్లు పెట్టాలి, మనుషులతో మాట్లాడాలి. అప్పుడు కోర్సు కాలమ్ ఏమైంది? గుణాత్మక పద్ధతులు వచ్చింది, స్పేషియల్ స్టాటిస్టిక్స్, అంటే ఏది ఎక్కడుందన్న దాన్ని కూడా లెక్కలోకి తీసుకునే గణాంకాలు, వచ్చింది. రిమోట్ సెన్సింగ్ ఉంటుంది, కాకపోతే రెండో స్థానంలో. ప్రశ్న మారితే కోర్సులే మారిపోయాయి. అందుకే ఈ మొదటి గడి మీద వారం పట్టినా పర్వాలేదు, టెన్షన్ పడకండి.

స్పేషియల్ స్టాటిస్టిక్స్ ఎందుకంటే, అవే లెక్కల్ని వార్డులవారీగా కలిపితే ఒక ఫలితం, జోన్లవారీగా కలిపితే ఇంకో ఫలితం రావచ్చు. హద్దు ఎక్కడ గీశారో చెప్పగలగాలి.

అన్నట్టు, మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మెనూల్లో వెతకకుండా కంట్రోల్ కె నొక్కండి, కావలసిన టూల్ పేరు కొట్టండి, వచ్చేస్తుంది. చదివినవన్నీ మొదటి రోజు నుంచే జొటెరోలో, అంటే రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్‌లో, వేయండి. పేపర్‌కి ఉండే గుర్తింపు సంఖ్య, డీఓఐ, అతికిస్తే వివరాలు అదే తెచ్చుకుంటుంది. నాకైతే ఈ రెండూ లేకుండా పని నడవదు.

మిగతా వరుసలు ఇలాగే, గబగబా నింపేస్తున్నాను. ఏ కోర్సుకైనా ఎడమ పక్క ప్రశ్న లేకపోతే దాన్ని తీసేయండి. ఏ ప్రశ్నకైనా కుడి పక్క కోర్సు లేకపోతే వేరే డిపార్ట్‌మెంట్‌లో వెతకండి, గణాంకశాస్త్రంలోనో సోషియాలజీలోనో దొరుకుతుంది. టర్మ్ పేపర్లు కూడా ఈ ప్రశ్నల మీదే రాయండి, ప్రపోజల్ సగం అక్కడే తయారవుతుంది.

రిజిస్ట్రేషన్ గడువుకి ముందే ఈ షీట్‌ని గైడ్‌కి పంపండి. పంపేటప్పుడు మొదటి కాలమ్ మీదే అభిప్రాయం అడగండి.