వార్డులో సీపీఆర్: చేతులు ఆగిపోయే సెకన్లు

నమస్తే. ఈ వీడియో వార్డులో, క్యాజువాలిటీలో, డయాలసిస్ యూనిట్లో, 108 బండిలో డ్యూటీ చేసేవాళ్ల కోసం. సీపీఆర్ అంటే ఆగిన గుండెకు ఛాతీ నొక్కి, గాలి ఇచ్చి చేసే సాయం. దాన్ని నేర్పే బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) సర్టిఫికెట్ మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. ముప్పై కంప్రెషన్లకు (ఛాతీ నొక్కులకు) రెండు శ్వాసలు, ముప్పైకి రెండు అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అందుకే ఆ పాఠం మొదటి నుంచీ చెప్పను. నాడి చూసేటప్పుడు, గాలి ఇచ్చేటప్పుడు, షాక్ కొట్టేటప్పుడు మన చేతులు ఛాతీ మీద లేకుండా ఎన్ని సెకన్లు పోతున్నాయి? వాటిలో ఎన్ని మిగుల్చుకోవచ్చు? ఈ రోజు పని అంతా దాని మీదే.

ఆ సెకన్లకు అంత విలువ ఎందుకంటే, గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది మనం నొక్కినప్పుడు కాదు, నొక్కి వదిలినప్పుడు. అయోర్టాలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో) ఉన్న ప్రెషర్‌కీ, కుడి ఏట్రియంలో (గుండె కుడి పై గదిలో) ఉన్న ప్రెషర్‌కీ ఆ క్షణంలో ఎంత తేడా ఉంటే అంత రక్తం కరోనరీల్లోకి (గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాల్లోకి) వెళ్తుంది. వరసగా నొక్కుతూ పోతే ఆ తేడా మెల్లగా పెరుగుతుంది. చేతులు తీశామా, టక్కున పడిపోతుంది. మళ్లీ మొదలుపెట్టాక మొదటి కొన్ని కంప్రెషన్లు పోయిన ప్రెషర్‌ని తిరిగి తెచ్చుకోవడానికే సరిపోతాయి. అంటే 10 సెకన్లు ఆగితే నష్టం 10 సెకన్లతో అయిపోదు.

సరే, మంచం దగ్గరికి రండి. పేషెంట్ కదలడం లేదు. రెండు భుజాలూ గట్టిగా తట్టి, "ఏమండీ, వినిపిస్తోందా?" అని అడగండి. పలకలేదు. అక్కడి నుంచి కదలకుండా గట్టిగా కేక వేయండి: "కోడ్ బ్లూ, మేల్ మెడికల్, పద్నాలుగో బెడ్. క్రాష్ కార్ట్ తీసుకురండి." కోడ్ బ్లూ అంటే గుండె ఆగిందన్న పిలుపు, క్రాష్ కార్ట్ అంటే అత్యవసర మందులు, పరికరాలు ఉండే బండి. బెడ్ నంబర్ చెప్పకపోతే వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి ఎక్కడ, ఎక్కడ అని అడుగుతారు. అవి కూడా పోయే సెకన్లే.

నాడి, శ్వాస రెండూ ఒకేసారి చూడాలి, 5 సెకన్లకు తగ్గకుండా, 10 సెకన్లకు మించకుండా. [క్లోజప్: మెడ] రెండు మూడు వేళ్లు గొంతు ముడి మీద పెట్టి, మీ వైపుకి జార్చండి. గొంతు గొట్టానికీ, పక్కన కండరానికీ మధ్య పల్లం తగులుతుంది. కెరోటిడ్ (మెడలోని ధమని) అక్కడే. బొటనవేలు వాడకండి, మీ నాడే మీకు తెలుస్తుంది. కళ్లు ఛాతీ మీదే ఉంచి, పైకే లెక్కపెట్టండి. పదికి వచ్చేసరికి "ఉంది" అని గట్టిగా చెప్పలేకపోతే, లేనట్టే. చేతులు ఛాతీ మీదికి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి గ్యాస్పింగ్. అప్పుడప్పుడూ నోరు తెరిచి, తల వెనక్కి వాల్చి, గురక లాంటి చప్పుడుతో ఒక పెద్ద ఊపిరి. దాన్ని చూసి "ఊపిరి తీసుకుంటున్నాడు, ఆక్సిజన్ పెడదాం" అంటారు. అది శ్వాస కాదు, అరెస్ట్ (గుండె ఆగడం) మొదటి నిమిషాల్లో కనిపించే గుర్తు. రెండోది మానిటర్. తెర మీద గీతలు చక్కగా వస్తున్నాయి కదా అని బీపీ కఫ్ నొక్కుతారు, శాచురేషన్ ప్రోబ్ వేలు మారుస్తారు. పల్స్‌లెస్ ఎలక్ట్రికల్ యాక్టివిటీలో కూడా తెర మీద లయ ఉంటుంది, మెడలో నాడి ఉండదు. మెడ మీద వేళ్లు చెప్పిందే నమ్మండి.

నాడి ఉండి, ఊపిరి మాత్రం లేకపోతే కంప్రెషన్లు వద్దు. పెద్దవాళ్లకు 6 సెకన్లకొక శ్వాస ఇస్తూ, 2 నిమిషాలకొకసారి నాడి చూస్తూ ఉండండి.

ఇప్పుడు కంప్రెషన్. ముందు మంచం సంగతి. రైలింగ్ దించండి, తల వైపు ఎత్తి ఉంటే సమంగా పరచండి. మంచం మీద మీ చేతులు నిటారుగా రావాలంటే, పరుపు మీ తొడ మధ్యకు మించి ఎత్తులో ఉండకూడదు. మోకాలి దాకా దించగలిగితే ఇంకా మంచిది. మన వార్డుల్లో పాత ఇనుప మంచాలు దిగవు. వాటికి స్టూల్ కావాలి. క్రాష్ కార్ట్ చెక్‌లిస్టులో అడ్రినలిన్ ఆంప్యూల్స్ లెక్కపెడతారు గానీ, స్టూల్ ఉందా లేదా అని చూసేవాళ్లు తక్కువ. పొట్టిగా ఉన్న సిస్టర్ స్టూల్ లేకుండా నొక్కితే మోచేతులు వంగుతాయి, భుజాల బలంతో లాగుతుంది, నిమిషం లోపే అలిసిపోతుంది.

గాలి పరుపు మీద ఉన్న ఐసీయూ పేషెంట్ అయితే, పరుపు చివర సీపీఆర్ అని రాసిన ట్యాగో, వాల్వో ఉంటుంది. అది లాగితే గాలి దిగిపోతుంది. ఎక్కడుందో డ్యూటీ మొదట్లోనే చూసి పెట్టుకోండి. ఫోమ్ పరుపైతే, చూడండి, నేను 5 సెంటీమీటర్లు నొక్కాననుకుంటున్నాను. పక్క నుంచి కెమెరాలో చూస్తే డమ్మీ వీపు కూడా పరుపులోకి దిగింది. ఛాతీ లోపలికి వెళ్లింది అందులో సగమే. బోర్డు ఉంటే వీపు కింద పెట్టండి, అది కూడా నొక్కే మనిషి మారే విరామంలోనే. బోర్డు కోసం కంప్రెషన్ ఆపొద్దు. పేషెంట్‌ను నేల మీదికి దించడం అసలే వద్దు.

[క్లోజప్: చేతులు] బట్ట తీసేయండి. రొమ్ము ఎముక కింది సగం మీద, ఛాతీ మధ్యలో, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం పెట్టండి. రెండో చెయ్యి దాని మీద. వేళ్లు పైకి ఎత్తి పట్టండి, పక్కటెముకల మీద ఆనితే బలం అటు పోతుంది. మరీ కిందికి జారితే జిఫాయిడ్ (రొమ్ము ఎముక కింది కొస) మీద పడుతుంది. భుజాలు చేతులకు సూటిగా పైన, మోచేతులు వంగకుండా, బలం నడుము నుంచి రావాలి.

లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6కి మించకుండా. వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే 30 కంప్రెషన్లకు 15 నుంచి 18 సెకన్లు పట్టాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టి 110 మీద వదలండి. ఒక విషయం గమనించండి. తెలుగులో పైకి లెక్కపెడుతుంటే ఒకటి నుంచి పది వరకు బాగానే పోతుంది. పదిహేడు, ఇరవై ఎనిమిది దగ్గరికొచ్చేసరికి నోరు ఆలస్యమై, దాంతోపాటు చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. అందుకే పది వరకే మూడుసార్లు లెక్కపెట్టండి. ప్రతి పదికీ "ఒక పది", "రెండు పదులు" అని గట్టిగా అనండి. తల దగ్గర ఆంబూ (చేత్తో పిండి గాలి ఇచ్చే బ్యాగ్) పట్టుకున్నవాళ్లు దాంతో సిద్ధమవుతారు.

ఛాతీ పూర్తిగా పైకి రానివ్వడం చాలామంది మర్చిపోయేది. అలిసిపోయేకొద్దీ ఒంటి బరువు ఛాతీ మీదే ఆనించేస్తాం. చెయ్యి తగిలే ఉండాలి, బరువు మాత్రం ఉండకూడదు. బరువు ఆనితే ఛాతీ లోపల ప్రెషర్ తగ్గదు, సిరల నుంచి రక్తం గుండెలోకి రాదు. ఇక నొక్కినా బయటికి పంపడానికి రక్తం ఏది? డమ్మీలో లోతుకి క్లిక్ శబ్దం వస్తుంది కాబట్టి అందరూ ఆ శబ్దం కోసమే చేస్తారు. పైకి వచ్చిందా లేదా అన్నది చాలా డమ్మీలు చెప్పవు. పక్కవాళ్లే చూసి "వదులు, వదులు" అని చెప్పాలి.

అలసట వచ్చినా రాకపోయినా 2 నిమిషాలకు మనిషి మారాలి. "నాకింకా ఓపిక ఉంది" అనే బ్రదర్‌ని కూడా మార్చండి. లోతు తగ్గిన సంగతి నొక్కేవాడికే చివరగా తెలుస్తుంది. మారేవాళ్లు మంచానికి అవతలి పక్క, చేతులు ఛాతీ మీదుగా చాపి సిద్ధంగా ఉండాలి. ఇలా మారితే 2 సెకన్లు, లేచి చుట్టూ తిరిగి వస్తే 8.

ఆంబూ బ్యాగ్. వాడే ముందు అరచేత్తో మూతి మూసి పిండండి, గాలి పోకూడదు. రిజర్వాయర్ తగిలించి, ఫ్లోమీటర్ 10 నుంచి 15 లీటర్ల మీద పెట్టండి. గొట్టం తగిలించి ఫ్లోమీటర్ తిప్పడం మర్చిపోవడం చాలా మామూలు. రిజర్వాయర్ ఉబ్బకుండా వేలాడుతుంటే అదే కారణం. మాస్క్ ముక్కు దూలం నుంచి గడ్డం గుంట దాకా పట్టాలి. బొటనవేలు, చూపుడు వేలు మాస్క్ మీద సీ ఆకారంలో, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద. మాస్క్‌ని ముఖం మీదికి నొక్కకండి, దవడని మాస్క్‌లోకి ఎత్తండి. మెడకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తల వంచకుండా దవడ మాత్రమే ముందుకి తోయాలి. మనుషులున్నప్పుడు ఒకరు రెండు చేతులా మాస్క్ పట్టుకుని, ఇంకొకరు బ్యాగ్ పిండితే గాలి కారదు.

పెద్దవాళ్ల బ్యాగ్‌లో లీటరున్నరకు పైగా పడుతుంది. మనకు కావలసింది 500 నుంచి 600 మిల్లీలీటర్లు. కాబట్టి మూడో వంతు పిండితే చాలు, ఒక్కో శ్వాస ఒక సెకను, ఛాతీ లేచింది అనిపించగానే వదిలేయండి. కంగారులో మొత్తం పిండేస్తారు. ఎక్కువైన గాలి పొట్టలోకి పోతుంది, వాంతి పైకి తన్నుతుంది, ఛాతీలో ప్రెషర్ పెరిగి గుండెకి వచ్చే రక్తం తగ్గుతుంది. మొదటి శ్వాస లోపలికి పోకపోతే తల సరిచేసి రెండోది ఇవ్వండి. అదీ పోకపోతే మూడోది ప్రయత్నించకుండా కంప్రెషన్లకు వెళ్లండి.

శ్వాసనాళంలోకి ట్యూబ్ వేశాక 30:2 ఉండదు. కంప్రెషన్లు ఆగవు, 6 సెకన్లకొక శ్వాస. ఇక్కడే బ్యాగ్ పట్టుకున్నవాళ్లు సెకనుకొకసారి పిండేస్తుంటారు. గోడ గడియారం చూడమనండి.

ఇక డీఫిబ్, అంటే గుండెకు షాక్ ఇచ్చే మెషిన్. మన వార్డుల్లో ఏఈడీ (లయను తనే చదివి షాక్ కావాలో చెప్పే మెషిన్) కన్నా మాన్యువల్ డీఫిబ్ ఎక్కువ. ఒక ప్యాడిల్ కుడి కాలర్ ఎముక కింద, ఇంకొకటి ఎడమ చంక కింది పక్కన. ప్యాడిల్స్‌కు డీఫిబ్ జెల్ రాయాలి, స్కానింగ్ జెల్ కాదు. జెల్ ఒక ప్యాడిల్ నుంచి ఇంకో దాని దాకా పాకకూడదు. పాకితే కరెంట్ చర్మం మీదే పోతుంది, గుండె దాకా రాదు. మే నెలలో ఏసీ లేని వార్డులో పేషెంట్ ఛాతీ చెమటతో తడిసి ఉంటుంది, ముందు తుడవండి. మందుల ప్యాచ్ ఉంటే పీకేయండి. పేస్‌మేకర్ ఉబ్బెత్తు కనిపిస్తే దానికి కాస్త దూరంగా పెట్టండి.

సింక్ బటన్ (షాక్‌ని గుండె కొట్టుకునే క్షణానికి కలిపేది) చూడండి. సింక్ ఆన్‌లో ఉంటే వీఎఫ్‌లో (వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, గుండె క్రమం లేకుండా వణకడం) మెషిన్‌కి ఆర్ వేవ్ (ఈసీజీలో గుండె కొట్టుకున్నప్పుడు లేచే మొన) దొరకదు, మీరెంత నొక్కినా షాక్ రాదు. మెషిన్ పాడైందనుకుని ఇంకో వార్డుకి పరిగెత్తుతారు. సింక్ ఆఫ్ చేయండి. బైఫేజిక్ (కరెంట్‌ని రెండు దిశల్లో పంపే మెషిన్) అయితే మెషిన్ మీద రాసిన ప్రకారం 120 నుంచి 200 జూల్స్, తెలియకపోతే దానిలో ఉన్న గరిష్ఠం.

ఇప్పుడు వరస చూడండి. రెండు నిమిషాలు అయ్యాయి. రిథమ్ చూడండి. వీఎఫ్. ఛార్జ్ నొక్కి, వెంటనే కంప్రెషన్ మళ్లీ మొదలు. ఛార్జ్ అయ్యేంతసేపూ చేతులు ఛాతీ మీదే. "ఛార్జ్ అయింది" అనగానే "అందరూ తప్పుకోండి", ఆక్సిజన్ దూరంగా, ఒకసారి తల నుంచి కాళ్ల దాకా చూపు, షాక్. షాక్ కొట్టిన వెంటనే చేతులు మళ్లీ ఛాతీ మీదికి. మానిటర్ వైపు చూడకండి, నాడి వెతకకండి, ఇంకో రెండు నిమిషాలు. అసలు లయ వచ్చినా, గుండె బలంగా కొట్టడానికి కొంత సమయం పడుతుంది. ఈ మొత్తంలో చేతులు తీసింది 5 సెకన్లే. ఛార్జ్ అయ్యేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడితే అది 15 అవుతుంది. గీత చదునుగా ఉంటే షాక్ లేదు, లీడ్ ఊడిందేమో ఒక్కసారి చూసి కంప్రెషన్లకు వెళ్లండి.

పిల్లల సంగతి త్వరగా. ఒక్కరే ఉంటే 30:2, ఇద్దరుంటే 15:2. లోతు ఛాతీ మందంలో మూడో వంతు: ఏడాది లోపు పాపకు సుమారు 4 సెంటీమీటర్లు, ఆ పైన 5. పాపకు నాడి మోచేతి పైన లోపలి వైపు చూడాలి. 2025 అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో పాపలకు రెండు వేళ్ల పద్ధతి తీసేశారు. ఛాతీని రెండు చేతులతో చుట్టి బొటనవేళ్లతో నొక్కండి, లేదంటే ఒక అరచేతి గట్టి భాగంతో. గర్భిణి పొట్ట బొడ్డు దాకా వచ్చి ఉంటే ఒకరు పొట్టను ఎడమ వైపుకి నెట్టి పట్టుకోవాలి, మిగతావన్నీ మామూలే.

108 వాళ్లకు ఒక మాట. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచీ బండి వచ్చిందంటే ఎత్తుకుని పరిగెత్తాలని ఇంటివాళ్లు తొందరపెడతారు. మూడో అంతస్తు నుంచి ఇరుకు మెట్ల మీదుగా దింపుతుంటే కంప్రెషన్ ఉండదు. బండిలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో బ్రేకులు పడుతుంటే లోతు ఉండదు. దొరికిన చోటే, నేల మీదే, బాగా చేయండి. షాక్ కూడా అక్కడే. వార్డులో అయితే అటెండెంట్లను బయటికి పంపే పని ఒకరికి అప్పగించండి, అది కంప్రెషన్ చేసేవాళ్ల పని కాదు.

ఇప్పుడు వీడియో ఆపి ఒక ప్రాక్టీస్ చేయండి. ఇద్దరు డమ్మీ దగ్గర, మూడోవాళ్ల చేతిలో స్టాప్‌వాచ్. చేతులు ఛాతీ మీద లేని సమయం మాత్రమే లెక్కపెట్టాలి. రెండు నిమిషాల్లో అది 24 సెకన్లు దాటకపోతే, 80 శాతం సమయం మీరు నొక్కుతూ ఉన్నట్టు. దాటితే ఇంకో ఫోన్‌తో షూట్ చేసి చూడండి. మాస్క్ దగ్గర పోయాయా, మనిషి మారే దగ్గర పోయాయా తెలుస్తుంది. అయ్యాక డమ్మీ ముఖం స్పిరిట్‌తో తుడిచి, లంగ్ బ్యాగ్ మార్చి తర్వాతి జట్టుకి ఇవ్వండి.