ఎంగిలిచేత్తో కాకిని తోలని నిర్మాత

అందరికీ నమస్కారం. ఈ హాల్లో షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారట. అందుకే పెద్ద స్టూడియోల అధిపతులను పక్కనపెట్టి, ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలరని హాలీవుడ్‌లో పేరుపడ్డ రోజర్ కోర్మన్ గురించి చెబుతాను.

ఆయన 1926లో డెట్రాయిట్‌లో పుట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి, మోటార్ల కంపెనీలో చేరి, నాలుగు రోజులకే మానేశారు. ఇంజనీరింగ్ చదివి సినిమాల్లోకి దూకడం మన కుర్రాళ్లు కనిపెట్టిందేం కాదు! తర్వాత ఫాక్స్ స్టూడియోలో స్క్రిప్టులు చదివే పని. ఒక కథకు ఆయన చెప్పిన మార్పులు వాడుకుని, మెప్పు ఇంకొకరికి ఇచ్చారు. ఆయన బయటికొచ్చేశారు. 1954లో సొంతంగా తీసిన సముద్రభూతం సినిమాకు చిన్న జలాంతర్గామి కావాల్సి వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీకే ఫోన్ చేసి, మీకు ప్రచారం వస్తుందని ఒప్పించి, ఉచితంగా తెచ్చుకున్నారు.

'ద లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వేరే సినిమాకు వేసిన సెట్టు ఇంకా పీకలేదు. ముందే రిహార్సల్స్ చేయించి, ఆ సెట్టులో ప్రధాన షూటింగంతా రెండు రోజుల్లో ముగించారు. ఖర్చు సుమారు 30 వేల డాలర్లు.

నాకు ఇంతకంటే ఇష్టమైన లెక్క ఇంకోటుంది. నటుడు బోరిస్ కార్లాఫ్ ఆయనకు రెండు రోజుల కాల్షీట్ బాకీ. కోర్మన్ కొత్త దర్శకుడు పీటర్ బొగ్డనోవిచ్‌ను పిలిచి ఇలా చెప్పారు: ఆ రెండు రోజుల్లో కార్లాఫ్‌తో 20 నిమిషాలు తియ్యి, నా పాత సినిమా 'ద టెర్రర్' నుంచి 20 నిమిషాలు తీసుకో, మిగతా 40 వేరే నటులతో తియ్యి. 80 నిమిషాలు, సినిమా అయిపోయింది! అలా పుట్టిన 'టార్గెట్స్' 1968లో వచ్చింది. ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత పెద్ద దర్శకులైన కొపోలా, స్కోర్సెసీ, జేమ్స్ కామెరాన్ అందరూ తొలినాళ్లలో ఆయన దగ్గర పనిచేసినవాళ్లే. దీన్ని నేను దాతృత్వం అనను. తక్కువ డబ్బుకు రాత్రింబవళ్లు పనిచేసే కుర్రాళ్లు ఆయనకు కావాలి, కెమెరా ముట్టుకోనిచ్చే మనిషి వాళ్లకు కావాలి. కొత్తగా దర్శకుడైన రాన్ హోవార్డ్ ఇంకొంతమంది జూనియర్ ఆర్టిస్టులు కావాలని అడిగితే కోర్మన్ కుదరదన్నారు. ఈ సినిమా బాగా తీశావంటే మళ్లీ నా దగ్గర పనిచేసే అవసరమే నీకు రాదని సర్దిచెప్పారట.

అలాగని డబ్బు తప్ప ఏమీ తెలియని మనిషి కాదు. 1970లో పెట్టిన న్యూ వరల్డ్ పిక్చర్స్ సంస్థ ద్వారా యూరప్ దర్శకులు బెర్గ్‌మన్, ఫెలినీ సినిమాలను అమెరికాలో విడుదల చేశారు. బెర్గ్‌మన్ సినిమాను కార్లలో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్‌లలో కూడా ఆడించారు! 2009లో గౌరవ ఆస్కార్ వచ్చింది. 2024 మే 9న, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంతటి లెక్కల మనిషి 1962లో తమ్ముడు జీన్‌తో కలిసి సొంత డబ్బు పోసి 'ద ఇంట్రూడర్' తీశారు. తెల్లపిల్లల బడిలో నల్లపిల్లలు చేరితే ఊరు ఎలా మండిపోయిందన్నది కథ. మిస్సోరిలో స్థానికులకు కథ పూర్తిగా చెప్పకుండా, బెదిరింపుల మధ్యే షూటింగ్ చేశారు. మెచ్చుకున్నవాళ్లున్నారు, టికెట్ కొన్నవాళ్లు లేరు. డబ్బు పోయింది.

ఇక లైట్లు ఆర్పమంటాను. ఇప్పుడు వేసేది ఆ సినిమానే.