మడిచిన మార్కుల కాగితం

అందరికీ నమస్కారం. ఇవాళ తల్లిదండ్రులూ టీచర్లూ ఇద్దరూ వచ్చారు కాబట్టి, పరీక్ష తప్పిన పిల్లల విషయంలో ఇద్దరం కలిసి చేసే పొరపాటు దగ్గర మొదలుపెడతాను.

నా క్లాసులో ఒకమ్మాయి లెక్కల్లో ఆరు మార్కుల తేడాతో తప్పింది. మార్కుల కాగితాన్ని మడిచి మడిచి అగ్గిపెట్టెంత చేసి గుప్పిట్లో పెట్టుకుంది. నేను ఊరుకున్నానా? పడి లేచిన గొప్పవాళ్ల కథలన్నీ ఏకరువు పెట్టాను. తను తలూపుతూనే ఉంది, గుప్పిట మాత్రం విప్పలేదు. నా గాభరా తగ్గించుకోవడానికే అంతసేపు మాట్లాడానని తర్వాత తెలిసొచ్చింది.

మార్కులు తెలిసిన ఆ మొదటి రోజు పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. ‘పోనీలే, ఇదేమంత పెద్ద విషయం’ అనకండి, వాళ్లకది పెద్దదే. బిడ్డ వింటుండగా చుట్టాలకు ఫోన్ చేసి మార్కులు చెప్పకండి. ఒకవేళ ‘నేను లేకపోతేనే మీకు హాయి’ లాంటి మాట నోట వచ్చిందా, ఇక నా ప్రసంగం పక్కన పెట్టండి. ఒంటరిగా వదలకుండా, ఆ రోజే వైద్యుడికి చూపించండి.

రెండు మూడు రోజులయ్యాక నేనూ ఆ అమ్మాయీ జవాబు పత్రం ముందేసుకుని కూర్చున్నాం. తెలియక పోయిన మార్కులెన్ని, టైం చాలక పోయినవెన్ని, తెలిసీ పోగొట్టుకున్నవెన్ని అని విడదీశాం. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలి కదా. తను మొదటిది మార్చి రెండోది వదిలేసేది. ఆ ఒక్క తప్పే నాలుగు లెక్కల్లో చేసి తొమ్మిది మార్కులు పోగొట్టుకుంది. ‘అయితే నాకు లెక్కలు రావని కాదా టీచర్?’ అంది. రానిది లెక్కలు కాదమ్మా, ఆ మైనస్సు అన్నాను. గుప్పిట్లో కాగితం అప్పుడు బల్ల మీదికొచ్చింది.

‘తెలివైనదానివి’ అని మనం పొగడటంలోనూ చిక్కుంది. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో ఐదో తరగతి పిల్లలకు పజిల్స్ ఇచ్చారు. కొందరిని తెలివికి, కొందరిని శ్రమకు మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. మళ్లీ మొదటిలాంటివే ఇస్తే, తెలివిని మెచ్చుకున్నవాళ్లు మొదటికంటే తక్కువ చేశారు, శ్రమను మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ చేశారు. తెలివి ఉంటేనే మార్కులొస్తాయని నమ్మినవాడికి మార్కులు పోతే తెలివి లేదనే కదా అర్థం!

ఇక ‘అంత చదివినా రాలేదు’ అని పిల్లలంటే అబద్ధమనుకోకండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. చదివిందే చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది, అదే మోసం. కాబట్టి ‘ఇంకా కష్టపడు’ అనేముందు ఎలా చదువుతున్నారో పక్కన కూర్చుని చూడండి.

ఆ అమ్మాయి పుస్తకం మూసి రోజూ ఐదు లెక్కలు చేసేది. తర్వాతి పరీక్షలో గట్టెక్కింది. పేపర్లు పంచుతుంటే నేను చెప్పకముందే ఒక లెక్క మీద వేలు పెట్టి, ‘ఇదుగో టీచర్, ఇక్కడ మళ్లీ వదిలేశాను’ అంది.