తొంభైలో ఒకటి కాదు, రెండింట్లో ఒకటి

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పినదాంట్లో సగం కొట్టేసుకోండి, మిగతా సగం స్నేహం కొద్దీ చెప్పింది. నాకిచ్చిన అంశం స్వాలో పక్షుల వర్గీకరణ, విస్తరణ. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. అందులో ఒక నిమిషం నా వెనక ఉన్న బ్యానర్‌కి ఖర్చు పెట్టక తప్పదు. దాని మీదున్న పక్షి స్వాలో కాదండీ, స్విఫ్ట్.

నవ్వకండి. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ అంతటివాడే రెండింటినీ కలిపి హిరుండో అనే ఒక్క ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో వేశాడు. 1777లో స్కోపోలి అనే మరో శాస్త్రవేత్త వచ్చి స్విఫ్ట్‌లను వేరు చేశాడు. లినేయసే రెండూ ఒకటనుకున్నాక బ్యానర్ వేసినవాళ్లని ఏమంటాం! కాకపోతే వేరు చేసి రెండొందల ఏళ్లు దాటింది, ఇంకా ఎందుకు కలుపుతున్నాం అన్నదే నా బాధ. రెక్కలు చూసి మోసపోతున్నాం. రెండూ గాల్లో ఎగిరే పురుగుల్ని ఎగురుతూనే పట్టి తింటాయి, కాబట్టి రెక్కలు ఒకేలా సన్నగా, పొడుగ్గా తయారయ్యాయి. కాళ్లు చూడండి. స్వాలోకి మామూలు పిట్టల్లాగే మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి ఉంటాయి. అందుకే తీగల మీద బారులు తీరి కూర్చుంటుంది. స్విఫ్ట్ అలా కూర్చోలేదు, గోడనో రాతినో పట్టుకుని వేలాడుతుంది. దాని దగ్గరి చుట్టం హమ్మింగ్‌బర్డ్. స్వాలో మాత్రం పాడే పిట్టల్లో చేరుతుంది, బుల్‌బుల్‌లకు కాస్త దగ్గర.

సరే, బ్యానర్ సంగతి అయిపోయింది. స్వాలోల కుటుంబం పేరు హిరుండినిడే. జాతులు దాదాపు 90. వీటిని విడదీయడం పండితులకు చాలాకాలం తలనొప్పిగానే ఉండేది, ఎందుకంటే అన్నీ ఒకే బతుకు బతుకుతాయి, ఒకేలా కనిపిస్తాయి. వాటి గుట్టు బయటపెట్టింది గూడు. 1993లో వింక్లర్, షెల్డన్ అనే ఇద్దరు డీఎన్ఏ పోలికలను గూళ్ల పక్కన పెట్టి చూశారు. గూడు కట్టే పద్ధతి వంశవృక్షంతో చక్కగా సరిపోయింది! మొదట్లో ఇవన్నీ ఇసుక గట్లలో బొరియలు తవ్వుకునేవి. అమెరికా ఖండాల్లో ఒక శాఖ తవ్వడం మానేసి, చెట్ల తొర్రల్లో, ఎవరో వదిలేసిన కన్నాల్లో కాపురం పెట్టింది. మరో శాఖ మట్టి పని నేర్చింది. మట్టితో కట్టే విద్య ఈ కుటుంబంలో ఒక్కసారే పుట్టిందట. ఆ ఒక్క విద్యలోనే ఎన్ని రకాలో. బార్న్ స్వాలో సగం గిన్నెలా కట్టి పైన తెరిచి ఉంచుతుంది. ఎర్ర నడుము స్వాలో పూర్తిగా మూసేసి, లోపలికి వెళ్లడానికి పొడుగాటి గొట్టం పెడుతుంది. నోట్లో చిటికెడు బురద తెచ్చుకుంటూ, వందల సార్లు తిరిగి కట్టే కట్టడం అది.

విస్తరణ గురించి. అంటార్కిటికా తప్ప ప్రతి ఖండంలోనూ ఇవి గూడు కడతాయి. ఎక్కువ జాతులున్నది ఆఫ్రికాలో. అందరికన్నా తిరుగుబోతు బార్న్ స్వాలో. ఇది ఉత్తరార్ధగోళమంతటా గూడు పెట్టి, చలికాలానికి ఆఫ్రికాకి, దక్షిణాసియాకి, దక్షిణ అమెరికాకి దిగుతుంది. ఈజిప్టులో ఉండే ఉపజాతి మాత్రం ఊరు కదలదు. ఇంగ్లండ్‌లో 1911లో కాలికి రింగు తొడిగిన పిట్ట 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో దొరికింది. వలస దారి మొదటిసారి అలా రుజువైంది. చలికాలంలో స్వాలోలు నీటి అడుగున నిద్రపోతాయని లినేయస్ నమ్మినవాడే, ఆయన్ని ఇక వదిలేద్దాం. 1980 నుంచి కొన్ని బార్న్ స్వాలోలు, చలికాలం గడపడానికి వెళ్లిన అర్జెంటీనాలోనే వంతెనల కింద గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. వాటి వలస క్యాలెండర్ మొత్తం తిరగబడింది.

తర్వాతి స్లైడ్ ఖండాలవారీ పట్టిక. వద్దు, దాటేయండి. దాని తర్వాతది పెట్టండి. ఈ బొమ్మ కోసమే నేను ఈ పిలుపు ఒప్పుకున్నాను.

తెల్లకన్ను రివర్ మార్టిన్. మార్టిన్ అన్నా స్వాలోల కుటుంబమే. ఈ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరా? పోనీ, ఇద్దరున్నారు.

1968లో థాయ్‌లాండ్‌లోని బుంగ్ బొరపెట్ సరస్సు దగ్గర కిట్టి థొంగ్లొంగ్యా అనే శాస్త్రవేత్త వలస పక్షుల సర్వే చేస్తున్నాడు. రాత్రిపూట రెల్లు దుబ్బుల్లో నిద్రపోయే స్వాలోలను వృత్తి వేటగాళ్లు వలేసి పట్టేవారు. ఆ వలల్లో ఈ పిట్టలు తొమ్మిది దొరికాయి. లావుపాటి పసుపు ముక్కు, కంటి చుట్టూ తెలుపు, నడుము మీద తెలుపు, తోక మధ్య నుంచి రెండు సన్నటి ఈకలు. ప్రపంచానికి అది కొత్త జాతి. దీనికి తోబుట్టువు ఒక్కటే, ఆఫ్రికాలో కాంగో నది ఇసుక గట్లలో బొరియలు తవ్వుకునే రివర్ మార్టిన్. రెంటి మధ్యా వేల కిలోమీటర్ల దూరం ఉంది. మిగతా స్వాలోలన్నిటికీ ఒక ఉపకుటుంబం, ఈ రెండింటికీ ఒక ఉపకుటుంబం. ఒక పెద్ద వంశంలో పెద్దకొడుకు శాఖలో ఇద్దరే మిగిలినట్టన్నమాట.

చలికాలంలో ఆ ఒక్క సరస్సు దగ్గర తప్ప ఇది ఇంకెక్కడా పట్టుబడలేదు. మరి గూడెక్కడ? ఎవరూ చూడలేదు. 1969లో ఉత్తరాన నదుల వెంట వెతికారు, దొరకలేదు. ఇంతసేపూ గూడు చూస్తే వంశం తెలుస్తుందని చెప్పాను కదా, అందులో అసలు చూడాల్సిన గూడు ఇదే. థాయ్‌లాండ్‌లో ఈ పిట్టని నాణెం మీద వేశారు, తపాలా బిళ్ల మీద వేశారు. వలలు మాత్రం ఆగలేదు. తామర సాగు కోసం రెల్లు పీకేశారు. 1970 ప్రాంతంలో ఆ సరస్సు దగ్గర లక్షల్లో రాత్రి బస చేసిన బార్న్ స్వాలోలు పదేళ్లకు వేలల్లోకి పడిపోయాయి. వాటి మధ్య దాగి బతికిన ఈ పిట్టని 1980 తర్వాత ఖచ్చితంగా చూసినవాళ్లు లేరు.

ఇక్కడే నా గొడవ. అంతరించే జాతుల జాబితాలో దీనికి ఒక వరుస, పక్కన ఒక సంఖ్య. 90లో ఒకటి అంటే ఎవరికీ టెన్షన్ రాదు. కానీ ఇది రెండింట్లో ఒకటండీ! ఇది పోతే ఒక శాఖలో సగం పోయినట్టు. వర్గీకరణ అంటే పేర్లు బట్టీ పట్టడం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. ఏది ముందు కాపాడాలో తేల్చేటప్పుడు వంశవృక్షాన్ని బల్ల మీద పెట్టుకోమని అడుగుతున్నాను, అంతే.

ఆగ్నేయాసియాకి పక్షుల కోసం వెళ్లేవాళ్లు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. సాయంత్రం రెల్లులో దిగే స్వాలోల గుంపులో, నడుము తెల్లగా ఉన్న ఏ ఒక్కదాన్నీ వదలకుండా ఫొటో తీయండి. మామూలు హౌస్ మార్టిన్‌కీ నడుము తెలుపే, కాబట్టి ముక్కు చూడండి, తోక చూడండి. పాత ఫొటోలుంటే అవీ తిరగేయండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అమెరికా శాఖ మొత్తం మిగిలిపోయింది. రాకీ పర్వతాలకు తూర్పున పర్పుల్ మార్టిన్ దాదాపు పూర్తిగా మనుషులు పెట్టిన గూటిపెట్టెల్లోనే పిల్లల్ని పెంచుతోంది. ఆ కథ కావాల్సినవాళ్లు ప్రశ్నల సమయంలో అడగండి, చెబుతాను.