చీకటి పడేలోపు ఇంట్లో ఉండాల్సిందే: చేవెళ్ల వైపు మా కోళ్లు, కుక్కలు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఇవాళ షాపింగూ లేదు, హోమ్ టూరూ లేదు, కోళ్లే. డాలస్‌లో ఉన్నప్పుడు మా కమ్యూనిటీలో కోళ్లు పెంచుకోవడానికి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు, ఇక్కడ హైదరాబాద్ పక్కన చేవెళ్ల రోడ్డు మీద ఆ మర్రిచెట్లన్నీ దాటి లోపలికొస్తే అడిగేవాళ్లే లేరు, కాకపోతే మా ఇంట్లో టైమ్‌టేబుల్ మాత్రం ఇప్పుడు మాది కాదు, వాటిదే.

మొన్న గచ్చిబౌలిలో మా వదిన వాళ్ల బాబు బర్త్‌డే. కేక్ కటింగ్ ఎనిమిదింటికి అన్నారు, నేను నాలుగింటికే గిఫ్ట్ చేతిలో పెట్టి బయల్దేరా. "కోళ్ల కోసం వెళ్తున్నావా?" అంది. అవును వదినా, నిజంగా కోళ్ల కోసమే. పొద్దు గూకితే వాటంతట అవే గూట్లోకి వెళ్లిపోతాయి, కానీ తలుపు వేసుకోలేవు కదా. కోళ్లకి చీకట్లో చూపు సరిగ్గా ఆనదు, అడవిపిల్లి దూరిందంటే కర్రమీద కూర్చున్నవి కూర్చున్నట్టే దొరికిపోతాయి. అందుకే మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ కట్టుకుని శనివారం శనివారం వచ్చేవాళ్లు కోళ్లు పెంచుదాం అంటే నేనైతే వద్దనే అంటా. చెట్లు వారం ఆగుతాయి, కోళ్లు ఆగవు.

మా దగ్గర రెండు రకాలున్నాయి, నాటుకోళ్లు, గ్రామప్రియ. గ్రామప్రియ ఇక్కడ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం, వనరాజా కూడా వాళ్లదే. గ్రామప్రియ బాగా చూసుకుంటే ఏడాదికి 200 దాకా గుడ్లు పెడుతుంది, నాటుది అందులో సగం కూడా పెట్టదు. అయితే గ్రామప్రియకి పొదగాలన్న ధ్యాసే ఉండదు, గుడ్డు పెట్టి తన దారిన తను పోతుంది. కాబట్టి గుడ్లు దానివి, పొదిగేది నాటుపెట్ట, ఇదీ మా ఇంట్లో అరేంజ్‌మెంట్.

ఈసారి పొదుగేసింది పక్క చెలకలో ఉండే పెద్దమ్మ. గంపలో వరిగడ్డి వేసి, మధ్యలో గుంటలాగా చేత్తో నొక్కి, పన్నెండు గుడ్లు పేర్చి, ఒక మూలకి బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ పెట్టింది. ఎందుకు పెద్దమ్మా అంటే "ఉరిమితే గుడ్లు మురుగుతయ్ బిడ్డా, మా అమ్మ పెట్టేది, నేను పెడుతున్న" అంది, నేనింక ఏమీ అడగలేదు. నేను వీడియో కోసమని గంప దగ్గరికి పోతే "గా కోడిని ముట్టకు, పొదుగు మీదున్నది, పొడుస్తది" అని నన్నే అదిలించింది.

వారం అయ్యాక రాత్రిపూట కరెంటు ఆపేసి ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూశాం. మా పాప నోరు తెరిచేసింది. లోపలంతా ఎర్రగా వెలుగు, దాంట్లో సన్నటి నరాలు చెట్టువేళ్లలాగా నలుపక్కలకీ, మధ్యలో చిన్న నల్లచుక్క, చూస్తుండగానే కదిలింది. రెండు గుడ్లు మాత్రం ఖాళీగా పసుపుగా వెలిగాయి, అవి తీసేశాం. 21 రోజులు ఆ పెట్ట రోజుకొక్కసారి లేచి, గబగబా నూకలు తిని, నీళ్లు తాగి, ఇంత పెద్ద రెట్ట వేసి (ఆ కంపు గురించి నేను చెప్పను) మళ్లీ వెళ్లి కూర్చుంటుంది, ఎండాకాలమైనా అంతే.

ఇంకో విషయం, అమెరికా నుంచి వచ్చినవాళ్లం గుడ్డు చూడగానే కడిగి ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. గుడ్డు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది, అదే లోపలికి క్రిములు పోకుండా ఆపేది. అక్కడ కడిగి అమ్ముతారు, ఆ పొర పోతుంది, అందుకే ఫ్రిజ్ తప్పదు. ఇక్కడ మేం పొడిగుడ్డతో తుడిచి బుట్టలో పెడతాం, వాడేముందే కడగడం. 2025 మొదట్లో అక్కడ బర్డ్ ఫ్లూ దెబ్బకి డజను 6 డాలర్లు దాటినప్పుడు మా ఫ్రెండ్స్ అందరూ నాకు గుడ్ల ఫోటోలే పంపారు, నేను తిరిగి మా బుట్ట ఫోటో పంపా, కాస్త పైశాచికానందమే.

ఇక కుక్కలు. మా ఆయన వచ్చిన కొత్తలో హస్కీ తెద్దాం అన్నారు. మే నెల ఎండలో ఆ బొచ్చు కుక్కకి ఏసీ వేసి, దాన్ని మనం కాపలా కాయాలి. వద్దని రెండు ఊరకుక్క పిల్లల్ని తెచ్చుకున్నాం, టైగర్, బుజ్జి. బుజ్జికి కోడిపిల్ల కనపడితే చాలు, ఒళ్లు ఆగదు. తాడు కట్టి గంప ముందు కూర్చోబెట్టి, కోడిపిల్లల మీంచి చూపు తిప్పి నా వైపు చూసినప్పుడల్లా ఉడకబెట్టిన లివర్ ముక్క ఇచ్చాం. అవును, కోడి లివరే, మాకూ తెలుసు. టైగర్ గొడవ వేరు, వాడు కోళ్ల జోలికి పోడు, గడ్డివాము కింద పెట్టిన గుడ్ల జోలికి పోతాడు, పెంకుతో సహా, మూతికి పసుపు అంటుకుని దొరికిపోతాడు. కానీ వాడి పని వాడు చేస్తాడు. గద్ద కనపడితే పుంజు ఒకలా అరుస్తుంది, ముంగిస కనపడితే ఇంకోలా, మొదటిదానికి వాడు ఆకాశం చూస్తాడు, రెండోదానికి కంచె వైపు పరిగెడతాడు, ఎవరూ నేర్పలేదు. ఇద్దరికీ ఏడాదికోసారి రేబిస్ ఇంజెక్షన్ మాత్రం తప్పనిసరి.

కోడిపిల్లలు గుడ్డులోంచి దిగాక వారంలోపే వాటి కంట్లో లసోటా టీకా చుక్క వేయించండి, లేదంటే కొక్కెర రోగం వచ్చి ఊరికి ఊరు ఖాళీ అవుతుంది. మాకు దొరికే సీసాలో 100 డోసులుంటాయి, కలిపాక కాసేపట్లోనే వాడేయాలి, అందుకే పెద్దమ్మ కోళ్లు, మావి, ఇంకో రెండిళ్లవి ఒకేరోజు పెట్టుకుంటాం, ఐస్ డబ్బా తెచ్చే డ్యూటీ మా ఆయనది.

గూడు వీడియో విడిగా పెడతా. అప్పటిదాకా ఎవరైనా కట్టిస్తుంటే షాపువాళ్లు కోళ్ల జాలీ అని పల్చటిది అంటగడతారు, తీసుకోకండి, అది కోడిని లోపల ఉంచుతుందే కానీ పిల్లినీ ముంగిసనీ బయట ఉంచదు. అర అంగుళం వెల్డ్ మెష్ (వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలీ) అడగండి, అడుగున ఒక అడుగు లోతుకి పూడ్చండి, పందికొక్కులు కింద నుంచి వస్తాయి.