మా నాన్నగారు, బార్ట్ రైలు, బ్రాడ్ గేజ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్‌లో ఉన్నాం. బార్ట్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో బే, అంటే అక్కడి సముద్రపు ఖాడీ, చుట్టుపక్కల నడిచే మెట్రో లాంటి కరెంటు రైలు. పక్కన మా నాన్నగారు, ఒంగోలు నుంచి వచ్చి నెలయింది. రైల్వేలో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టర్‌గా, చేసి రిటైరయ్యారు. మాల్‌కి తీసుకెళ్తే అరగంటకే విసుక్కునే మనిషి, ప్లాట్‌ఫారం మీద ఎంతసేపైనా నిలబడతారు.

ఇందాక పట్టాల వంక చూసి, "ఏమ్మా, ఇది మన బ్రాడ్ గేజ్‌లా ఉందే" అన్నారు. అమెరికాలో మన గేజ్ ఎందుకుంటుంది నాన్నా అని నవ్వాను. ఫోన్‌లో చూస్తే ఆయన చెప్పిందే నిజం! రెండు పట్టాల మధ్య దూరం అచ్చంగా 1676 మిల్లీమీటర్లు, మనదే కొలత. ఇక్కడి మామూలు రైళ్ళది 1435. తేలిక బోగీలు గాలికి ఊగకుండా నిలకడగా పరిగెత్తాలని వెడల్పు పెంచారట. ఇక ఆయన మొహం చూడాలి మీరు!

అలా తవ్వుతూ పోతే అసలు ప్లానే దొరికింది. బే కింద గొట్టం వేసి కరెంటు రైళ్ళు నడపమని ఆర్మీ, నేవీ కలిసి వేసిన బోర్డు 1947లోనే చెప్పింది. మొదట్లో బే చుట్టూ ఉన్న కౌంటీలన్నిటినీ కలిపే ఆలోచన. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. కానీ 1957లో బార్ట్ సంస్థ ఏర్పడేసరికి శాంటా క్లారా, అంటే శాన్ హోసే ఉన్న కౌంటీ, మాకొద్దంది. వాళ్ళ మోజు అప్పుడు ఎక్స్‌ప్రెస్‌వేల మీద. మిగిలిన అయిదింటిలో శాన్ మాటియో 1961 చివర్లో తప్పుకుంది. మాకు సదరన్ పసిఫిక్ రైలు ఉందిగా, ఈ ఖర్చెందుకు అని. దాంతో పన్ను కట్టేవాళ్ళు తగ్గారు. పైగా గోల్డెన్ గేట్ వంతెన రైలు బరువు మోస్తుందా లేదా అని ఇంజనీర్ల గొడవ. 1962లో ఆ వంతెన అవతలున్న మారిన్ కౌంటీ కూడా బయటికొచ్చేసింది.

మిగిలింది మూడే. ఆ నవంబర్‌లో రైలు కట్టడానికి అప్పు తెచ్చే 79.2 కోట్ల డాలర్ల బాండ్లకి ఓటు పెట్టారు. 60 శాతం కావాలి, 61 వచ్చింది. అంతే తేడా! 1972 సెప్టెంబర్ 11న మొదటి రైలు నడిచింది, మెకార్థర్ నుంచి ఇదిగో ఈ ఫ్రీమాంట్ దాకా. తర్వాత 2017 వరకూ ఈ వైపు లైను ఇక్కడే ఆగిపోయింది.

రైలొచ్చింది, ఎక్కేశాం. వార్మ్ స్ప్రింగ్స్, మిల్పిటాస్, బెర్రీయెస్సా. ఈ చివరి రెండూ ఆ శాంటా క్లారా కౌంటీలోవే, తెరిచింది 2020లో. శాన్ హోసే డౌన్‌టౌన్‌కి మాత్రం ఇక్కడ దిగి బస్సెక్కాల్సిందే.

"1957లో వద్దన్నవాళ్ళకి 2020లో వచ్చిందా?" అని నాన్నగారు వేళ్ళ మీద లెక్కేశారు. "అరవై మూడేళ్ళు! ఏళ్ళ తరబడి సాగుతున్న మన నడికుడి–శ్రీకాళహస్తి లైను నయమమ్మా."

బస్సుకి ఇంకా పదకొండు నిమిషాలుంది. ఈలోపు పులిహోర డబ్బా తీశాం.