డే కేర్ వంటగదికి ప్రభుత్వం సమకూర్చిన సరంజామా

సభకు నమస్కారం. హైదరాబాద్‌లో డే కేర్ కేంద్రాలు నడుపుతున్న మీరంతా ఆదివారం సెలవు వదులుకుని వచ్చినందుకు ధన్యవాదాలు. పసిపిల్లల ఆరోగ్యం, ఆహారం గురించి ప్రభుత్వం తయారుచేసి పెట్టిన సమాచారానికి, సామగ్రికి కొరత లేదు. అది మన వంటగది గరిటె దాకా, ఆయమ్మ చేతి దాకా రావడం లేదన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్న మాట.

మీలో చాలామందికి అమెరికాలో బంధువులున్నారు. అక్కడ లైసెన్సు పొందిన శిశు సంరక్షణ కేంద్రాలు, ఇళ్లలో నడిపేవి సైతం, వ్యవసాయ శాఖ పథకంలో చేరితే పిల్లలకు పెట్టిన భోజనానికి లెక్క ప్రకారం డబ్బు తిరిగి వస్తుంది; అందుకు ప్రతిగా ఏ వయసు బిడ్డకు ఎన్ని పాలు, ఎంత కూరగాయ పెట్టాలో ఆ పథకం చెప్పినట్టే పెట్టాలి, పండ్ల రసం రోజుకు ఒక్కసారికి మించకూడదు. మన ప్రైవేటు కేంద్రాలకు ఆ డబ్బు రాదు. సమాచారం మాత్రం ఉంది, అదీ మన ఊళ్లోనే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను 2017లోను, 17 సూత్రాలతో భారతీయుల ఆహార మార్గదర్శకాలను 2024లోను వెలువరించింది. పట్టికను వంటగదిలో ఎలా వాడుకోవాలో ఒక్క ఉదాహరణతో చెబుతాను. వంద గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది 8 కూడా దాటదు. ఇది చూసి "మా పిల్లలకు రాగి జావ పోస్తున్నాం, కాల్షియానికి ఢోకా లేదు" అని తల్లిదండ్రులకు చెప్పేవారున్నారు. కానీ ఒక చిన్న గ్లాసు జావలో పడే పిండి 20 గ్రాములైతే, బిడ్డకు అందేది 70 మిల్లీగ్రాముల పైచిలుకు మాత్రమే. కాబట్టి జావ మంచిదే, దానితోపాటు పెరుగన్నం ముద్ద కూడా కావాలి. పట్టికను గ్రాముల్లో చదివి, గ్లాసుల్లోకి, గరిటెల్లోకి మార్చుకోవడమే మన పని.

ఇక మీ వీధిలోని అంగన్‌వాడీ. ఫీజు కట్టి చదివే పిల్లలకు అక్కడ పనేముందని అనుకోకండి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరిగే నులిపురుగుల నివారణ దినాల్లో, అంగన్‌వాడీలో పేరు నమోదు కాని ఒకటి నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు కూడా ఆల్బెండజోల్ ఇస్తారు: రెండేళ్లలోపు వారికి 200 మిల్లీగ్రాములు, అంటే సగం మాత్ర, ఆ పైబడిన వారికి పూర్తి మాత్ర. చిన్నపిల్లలకు మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి నీళ్లలో కలిపి తాగించాలి, అలాగే మింగిస్తే గొంతులో అడ్డం పడుతుంది. ఆరోజు జ్వరంతో ఉన్న బిడ్డకు వేయకూడదు.

విరేచనాలైన బిడ్డకు తాగించే ఓఆర్‌ఎస్ ద్రావణం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములే. దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న తియ్యటి డబ్బా పానీయాలు అదే పేరు తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. మన నగరానికే చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. మీ అలమారాలో ఉండాల్సింది డబ్బా కాదు, పొట్లం. పెద్ద పొట్లాన్ని మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసుకో చెంచా చొప్పున కలిపే అలవాటు మానిపించండి, కొలత తప్పితే మందు మందు కాదు.

కొన్నేళ్ల కిందట నేను ఒక కేంద్రంలో ఎదుగుదల రిజిస్టరు తెరిచి చూశాను. మూడు నెలల బరువులూ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఉన్నాయి. ఏ బిడ్డా పావు కిలో తగ్గలేదు, పెరగలేదు. తూకం యంత్రం మాత్రం మంచం కింద అట్టపెట్టెలోనే ఉంది. తప్పంతా ఆ ఆయమ్మదే అనను, అంకెలు ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే ముందుగా, చేతి చుట్టుకొలతతో పోషకాహార లోపాన్ని పసిగట్టే రంగుల టేపుతో మొదలుపెడదాం. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు ఉన్న బిడ్డ ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ చుట్టాలి. బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, అంటే అదేరోజు తల్లిదండ్రులకు చెప్పి డాక్టరు దగ్గరకు పంపాలి. అక్కడి నుంచి 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. టేపులు ఈ బల్ల మీద ఉన్నాయి. పిల్లలను వెంట తెచ్చుకున్నవారు ముందుకు రండి, కొలిచి చూద్దాం.